విండ్ బ్యాండుకు రాద్దాం – 5వ పాఠం: వాచ్ నైట్ రింగ్ షౌట్

పోయిన పాఠంలో ఏ వాయిద్యానికి స్వరం ఎంత జరిపి రాయాలో పట్టిక వేసుకున్నాం. దాన్ని పక్కనే ఉంచుకోండి, ఇవాళ పని పడుతుంది. ఈ పాఠం చివరికి మీ చేతిలో 48 బార్ల (బార్ అంటే తాళం ఒక ఆవర్తం) ముక్క ఒకటి ఉండాలి. వాయిస్తే రెండు నిమిషాలకు కాస్త తక్కువ. మిడిల్ స్కూల్ బ్యాండు కూడా వాయించగలిగేంత తేలిక స్వరాలే, కానీ లయ మాత్రం తేలిక కాదు. అమెరికాలో పిల్లల్ని స్కూలు బ్యాండులో వేసిన తెలుగు తల్లిదండ్రులు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించాల్సిందీ ఆ లయనే. స్వరాలు వాళ్లకు ఎలాగూ స్కూల్లో వస్తాయి.

ఏ రాత్రి, ఏ ఆట

వాచ్ నైట్ అంటే మన ఊళ్ల చర్చిలకు వెళ్లేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనను తెలుగులోనూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆఫ్రికన్ అమెరికన్లకు ఆ రాత్రికి ఇంకో బరువు ఉంది. 1863 జనవరి 1న బానిస విముక్తి ప్రకటన అమల్లోకి వస్తుందని తెలిసి, 1862 డిసెంబర్ 31 రాత్రి చర్చిల్లో, ఇళ్లలో జాగారం చేసి ఎదురుచూశారు. తెల్లవారితే బొబ్బర్లు, అన్నం కలిపి వండుకునే ఆనవాయితీ అక్కడి దక్షిణాది ఇళ్లలో ఇప్పటికీ ఉంది.

జార్జియా, దక్షిణ కరోలినా తీరంలోని గల్లా గీచీ (అక్కడి ఆఫ్రికన్ బానిసల సంతతివాళ్లు) ఊళ్లలో ఈ రాత్రికి రింగ్ షౌట్ చేసేవాళ్లు. జార్జియాలోని మెకింటోష్ కౌంటీ, బోల్డెన్ ఊరి వాళ్లు దాన్ని నేటిదాకా నిలబెట్టారు. మెకింటోష్ కౌంటీ షౌటర్స్ పేరుతో ఉన్న వాళ్ల బృందానికి 1993లో అమెరికా జాతీయ వారసత్వ ఫెలోషిప్ కూడా వచ్చింది. పేరులో షౌట్ ఉన్నా ఇది అరుపు కాదు. గుండ్రంగా, గడియారం ముల్లుకు ఎదురు దిశలో, పాదాలు నేలను రాస్తూ తిరగడమే షౌట్. ఒక పాదం ఇంకో పాదాన్ని దాటకూడదు. దాటితే అది నాట్యం అవుతుంది, ఇది ఆరాధన.

మనకు కావలసింది పాడే వైపు. అక్కడ ముగ్గురికి మూడు పనులు. సాంగ్‌స్టర్ పాట ఎత్తుతాడు, బేసర్లు అందుకుంటారు. స్టికర్ చీపురు కర్రో మరో కర్రో నిలువుగా పట్టుకుని చెక్క నేల మీద పొడుస్తూ లయ ఇస్తాడు. డప్పు ఉండదు. 1739 నాటి స్టోనో తిరుగుబాటు తర్వాత దక్షిణ కరోలినా 1740లో చేసిన చట్టం బానిసలకు డోళ్లను నిషేధించింది. చేతులు, కాళ్లు, కర్ర, నేల మిగిలాయి.

ఈ ముక్క రాసేటప్పుడు ఎక్కువమంది ఒకే పొరపాటు చేస్తారు. ఈ మూడు పనులనూ కలిపేసి, అందరికీ ఒకే రాగం పంచి, కింద డ్రమ్ సెట్ పెట్టేస్తారు. అప్పుడది ఇంకో కవాతు మార్చ్ అవుతుంది. మూడు పనులూ విడివిడిగా ఉండి, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కాలి.

అమెరికన్ స్వరకర్త ఒమర్ థామస్ 2018లో రాసిన ‘కమ్ సండే’ రెండో భాగం పేరు ‘షౌట్!’. అది విన్నవాళ్లు ఇదీ అదే అనుకోవద్దు. దానికి మూలం చర్చిలోని హామండ్ ఆర్గాన్. మనం రాసేది ఆర్గాన్ రాకముందు సంగతి.

ఎనిమిది అక్షరాల గడి

మీటర్ 4/4. ఒక్కో బార్‌లో నాలుగు బీట్లు, అంటే ఎనిమిది ఎయిత్ నోట్లు (అర బీట్ స్వరాలు). ఇకనుంచి వాటిని అక్షరాలు అంటాను. ఈ గడిని కాగితం మీద పెద్దగా రాసి గోడకు అంటించండి:

అక్షరం: 1 – 2 – 3 – 4 – 5 – 6 – 7 – 8
నోట: త – కి – ట – త – కి – ట – త – క
కర్ర: 1, 4, 7
చప్పట్లు: 3, 7
పాదం: 1, 3, 5, 7

మూడు, మూడు, రెండు. సంగీతం క్లాసుకు వెళ్లిన పిల్లలకు ‘తకిట తకిట తక’ అంటే చాలు, కర్ర ఎక్కడ పడాలో వచ్చేస్తుంది. ప్రతి ‘త’ మీదా కర్ర. పాదం మాత్రం ఆ నోటితో కలిసి నడవదు. మొదటి ‘త’, మొదటి ‘ట’, రెండో ‘కి’, మూడో ‘త’ మీద పడుతుంది. మెట్రొనోమ్‌ను 60 దగ్గర పెట్టి, దాని దెబ్బ పాదానిది అనుకుని, నోటితో తకిట తకిట తక అనండి. తడబడకుండా ఇరవై బార్లు వచ్చాక చప్పట్లు కలపండి. ముందు కాదు.

గడిని మళ్లీ ఒకసారి చూడండి. 1 దగ్గర కర్ర, పాదం ఉన్నాయి. 7 దగ్గర కర్ర, పాదం, చప్పట్లు మూడూ ఉన్నాయి. బార్‌లో బరువంతా 7 మీద ఉంది. మన చెవికి సమం మీద బరువు దించడం అలవాటు, ఆది తాళం మొదటి దెబ్బలా. ఆ అలవాటుతో 1ని గట్టిగా కొడితే ఈ లయ కుంటుతుంది. 7 మీద కాలు మోపి, 8 మీదనుంచి ఎగిరి తర్వాతి బార్‌లోకి దూకాలి. మిగతా పాఠమంతా దీని మీదే కట్టాం.

స్వింగ్ (ఎయిత్ నోట్లను ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా వాయించడం) వద్దు. జాజ్ బ్యాండు పిల్లలకు ఎయిత్ నోట్లు కనపడగానే చేతులు తిస్రం వైపు వాలతాయి. స్వింగ్‌లో ఆలస్యమయ్యేవి సరి అక్షరాలు: 2, 4, 6, 8. కర్ర రెండో దెబ్బ 4 మీదే ఉంది. అది కొంచెం జరిగిందంటే మూడు-మూడు-రెండు విరిగిపోయి, వినడానికి కుంటి వాల్ట్జ్‌లా ఉంటుంది. పార్ట్ (ఒక్కో వాయిద్యానికి రాసిచ్చే కాగితం) పైన ‘సమంగా’ అని రాయండి.

కర్ర, దాని కింద చెక్క

వుడ్ బ్లాక్ వాడదామని అందరికీ అనిపిస్తుంది. దాని మోత సన్నగా ఉండి బ్యాండు పైకి తేలుతుంది, కర్ర మోత అడుగునుంచి రావాలి. బాస్ డ్రమ్ అయితే మోత ఆగదు, 7 మోగుతూనే 8ని మింగేస్తుంది. అసలు కర్రే తెచ్చుకోండి. ఒక అంగుళం మందం, నాలుగడుగుల పొడవున్న గట్టి చెక్క చీపురు కర్ర. అడుగున ప్లాస్టిక్ తొడుగు ఉంటే పీకేయండి.

స్కూలు ఆడిటోరియం నేల కాంక్రీటో కార్పెట్టో అయితే కర్ర ఎంత పొడిచినా ‘టక్’మని ఊరుకుంటుంది. రెండడుగులకు రెండడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక తీసుకుని, రెండు అంచుల కింద రెండంగుళాల ఎత్తు చెక్క దిమ్మెలు మేకులతో కాకుండా స్క్రూలతో బిగించండి. మేకులు నాలుగు రిహార్సళ్లకు వదులై చప్పుడు చేస్తాయి. పలక కింద బోలుగా ఉండటమే అసలు సంగతి. పలక మధ్యలో పొడిస్తే లోతుగా, అంచుకు దగ్గరగా దిమ్మె మీద పొడిస్తే పొడిగా మోగుతుంది. 1కి, 4కి అంచు దగ్గర, 7కి మధ్యలో. అదే కర్రకు రెండు గొంతులు వచ్చాయి.

కర్రను ఎత్తి కొట్టకూడదు. నిలువుగా పట్టుకుని, మూడు నాలుగు అంగుళాలు లేపి, బరువుతో వదలాలి. ఎత్తు పెరిగితే దిగడానికి పట్టే సమయమూ పెరుగుతుంది, దెబ్బ ఆలస్యమవుతుంది. దూరంనుంచి చూసేవాళ్లకు గొప్పగా ఉండాలని పిల్లలు అడుగెత్తున లేపుతారు, అక్కడే లయ పోతుంది.

ఎత్తుగడ, అందుకోలు

శ్రుతి జి. వాడే స్వరాలు ఐదే: జి, బి-ఫ్లాట్, సి, డి, ఎఫ్. స, గ, మ, ప, ని అనుకుంటే శుద్ధ ధన్యాసి మెట్లు ఇవే. అయితే ఆ రాగం గమకాలు ఇక్కడికి తేవద్దు. ఇక్కడ కదిలే స్వరం ఒక్క గాంధారమే, అదీ ఒక్కచోటే. దాని సంగతి తర్వాత.

నాలుగు బార్లకు ఒక చుట్టు. ఎత్తేవాడి పాట మధ్య సి చుట్టూ, అందుకునేవాళ్లది దాని కింది జి దగ్గర.

1వ బార్, ఎత్తేవాడు: 1 ఖాళీ, 2-3 డి, 4 డి, 5 ఎఫ్, 6 డి, 7-8 సి.
1వ బార్ 8 మీద అందుకునేవాళ్లు జి.
2వ బార్, అందుకునేవాళ్లు: 1-3 జి, 4-6 బి-ఫ్లాట్, 7-8 జి.
2వ బార్ 7 మీద ఎత్తేవాడు బి-ఫ్లాట్, 8 మీద సి.
3వ బార్, ఎత్తేవాడు: 1-3 డి; 4-6 సి; 7-8 బి-ఫ్లాట్.
3వ బార్ 8 మీద అందుకునేవాళ్లు జి.
4వ బార్, అందుకునేవాళ్లు: 1-3 జి; 4-6 కింది ఎఫ్; 7-8 జి.

రెండు చోట్ల వేలు పెట్టి చూడండి. మొదటి బార్‌లో ఎత్తేవాడి సి ఇంకా మోగుతుండగానే 8 మీద కింది జి మొదలైంది. రెండో బార్‌లో అందుకునేవాళ్ల జి ముగియకముందే 7 మీద ఎత్తేవాడు మళ్లీ వచ్చేశాడు. బుర్రకథ విన్నవాళ్లకు ఇది కొత్త కాదు, కథకుడి చివరి మాట నోట్లో ఉండగానే వంతలు అందుకుంటారు. ఎదుటివాడు ముగించేదాకా ఆగడం మర్యాదే గానీ, ఇక్కడ ఆగితే మధ్యలో గొయ్యి పడుతుంది.

అందుకునేవాళ్ల లయను కాగితం మీద రాసేటప్పుడు రెండో స్వరాన్ని డాటెడ్ క్వార్టర్‌గా (ఒకటిన్నర బీట్ల ఒకే గుర్తుగా) రాయొద్దు. ఎయిత్ రాసి, దాన్ని మూడో బీట్ మీది క్వార్టర్‌కు (ఒక బీట్ స్వరానికి) టై చేయండి, అంటే వంపు గీతతో కలపండి. మూడో బీట్ కంటికి కనపడితేనే పిల్లలు పాదంతో సరిచూసుకోగలరు.

ఎవరికి ఏది

ఎత్తేవాడు: ఒకే ట్రాంబోన్. ఎందుకంటే 3వ బార్‌లోని డి, సి, బి-ఫ్లాట్ మూడూ ట్రాంబోన్ మీద ఒకే వరస స్వరాలుగా (పెదవి పట్టు మార్చకుండా స్లైడ్ జరిపితే వచ్చేవిగా) దొరుకుతాయి: డి ఒకటో పొజిషన్ (స్లైడ్ పూర్తిగా లోపల), సి మూడు, బి-ఫ్లాట్ ఐదు. బి-ఫ్లాట్‌ను అందరిలా ఒకటో పొజిషన్‌లో వాయిస్తే అక్కడినుంచి పైకి జరగడానికి స్లైడ్ మిగలదు. ఐదులో వాయిస్తే, నాలుగు వైపు సగం దూరం లాగి, గాంధారాన్ని అటూ ఇటూ కాని చోటికి తేవచ్చు. కదిలే స్వరం అన్నది ఇదే. 3వ బార్ 7-8లోనే, ఇంకెక్కడా వద్దు. ప్రతి బి-ఫ్లాట్‌కూ జారితే కామెడీ అవుతుంది.

ఈ వరస సహజంగా కొంచెం తగ్గు శ్రుతి. మూడు, ఐదు పొజిషన్లలో స్లైడ్ కాస్త లోపలికి పెట్టుకుంటే సరిపోతుంది. ఒకటిలో లోపలికి చోటు లేదు కాబట్టి డిని పెదవితో కొద్దిగా ఎత్తాలి. ప్రతి స్వరానికీ నాలుక మెత్తగా తగలాలి. తగలకపోతే డి నుంచి బి-ఫ్లాట్ దాకా మొత్తం జారుడుబండే.

మంచి ట్రాంబోన్ లేకపోతే ఆల్టో శాక్సఫోన్. దానికి డి, ఎఫ్, సి, బి-ఫ్లాట్‌లను బి, డి, ఎ, జిగా రాయండి. శాక్స్ శ్రుతిని దవడతో కిందికి దించడం తేలిక, పైకి లేపడం కష్టం. అందుకని జారే స్వరానికి జి-షార్ప్ వేలు పట్టించి కిందికి వదలమనండి.

అందుకునేవాళ్లు: క్లారినెట్లు, టెనర్ శాక్స్, హార్న్‌లు, రెండో ట్రాంబోన్, యుఫోనియం. జి, బి-ఫ్లాట్, ఎఫ్ మూడే స్వరాలు. క్లారినెట్‌కూ టెనర్ శాక్స్‌కూ ఎ, సి, జి. హార్న్‌కు డి, ఎఫ్, సి. అందరూ ఒకటే స్వరం, నాలుగు భాగాల కోయిర్ శ్రుతులు కట్టొద్దు. ట్యూబా అదే ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద.

రెండో పొర: ఆల్టో శాక్స్, రెండో ట్రంపెట్. అందుకునే పాటకు సరిగ్గా పంచమం పైన. జికి డి, బి-ఫ్లాట్‌కు ఎఫ్, ఎఫ్‌కు సి. ఈ మూడూ మన ఐదు స్వరాల్లోనివే కాబట్టి ఎక్కడా పరాయి స్వరం దొర్లదు. హార్మనీ పుస్తకం వరుస పంచమాలను తప్పంటుంది, ఇక్కడ కావాల్సింది అవే. రెండో ట్రంపెట్‌కు ఈ సి వచ్చినప్పుడు రాసేది కింది డి. 1, 3 వాల్వులు నొక్కితే వచ్చే ఆ స్వరం పెచ్చు శ్రుతిలో ఉంటుంది, మూడో స్లైడ్ చాపమని పార్ట్‌లో బాణం గుర్తు పెట్టండి.

ఫ్లూట్లకు ఈ ముక్కలో ఒక్క స్వరమూ లేదు, వాళ్లు చప్పట్లు. ఇంట్లో గొడవ కావచ్చు. ఆ కింది స్థాయిలో ఫ్లూట్ ఎలాగూ వినపడదు, చప్పట్లు మాత్రం ముక్కను నిలబెట్టనూ గలవు, కూల్చనూ గలవు. అరచేతులు గిన్నెలా వంచి కొట్టాలి, చదునుగా కొడితే మోత పగిలినట్టుంటుంది. ఎనిమిది మంది చాలు.

పన్నెండు చుట్లు

48 బార్లంటే పన్నెండు చుట్లు. బలం పెంచేది ఊదడంతో కాదు, మనుషుల్ని చేర్చడంతో. అందుకునేవాళ్లు మొదటినుంచి చివరిదాకా మెజో పియానోలోనే (ఓ మోస్తరు మెల్లగానే) ఉంటారు.

1, 2 చుట్లు: కర్ర, ఎత్తే ట్రాంబోన్. అందుకునే పాటను బ్యాండు నోటితో ‘ఓ’ అని పాడుతుంది. గల్లా మాటల్ని అనుకరించి రాయొద్దు, ఒట్టి అచ్చు చాలు. బ్యాండు వాళ్లు పాడటం వింత కాదు. చార్లెస్టన్‌లోని ఇమాన్యుయేల్ చర్చిలో 2015 జూన్ 17న కాల్పుల్లో చనిపోయిన తొమ్మిది మందికోసం ఒమర్ థామస్ రాసిన ముక్కలోనూ వాయించేవాళ్లు పాడతారు, చప్పట్లు కొడతారు, కాళ్లతో నేలను కొడతారు.

3, 4: క్లారినెట్లు, హార్న్‌లు గొంతులకు తోడు. 5, 6: టెనర్ శాక్స్, రెండో ట్రాంబోన్, యుఫోనియం చేరతాయి, పాడటం ఆగుతుంది, చప్పట్లు మొదలు. 7, 8: ట్యూబా, పాదం. పాదం అందరికీ ఇవ్వొద్దు, నలభై మడమలు ఒక్కసారి పడితే కర్ర మాయమైపోతుంది. కింది ఇత్తడి వాయిద్యాల వరసలో ఆరుగురు చాలు. 9, 10: పంచమం పొర చేరుతుంది. అది ఎత్తేవాడి స్థాయిలోనే ఉంటుంది కాబట్టి ట్రాంబోన్ మునిగిపోతుంది. అందుకే ఇక్కడనుంచి ఎత్తే పని మొదటి ట్రంపెట్‌కు, ఒక ఆక్టేవ్ పైన, జారుడు లేకుండా. 11: అంతా. 12: గొంతులు మళ్లీ, నోట్లో వాయిద్యం ఉన్నవాళ్లు తప్ప అందరూ.

వేగం 92 దగ్గర మొదలు. మూడో చుట్టునుంచి చుట్టుకు 2 చొప్పున పెంచితే పన్నెండో చుట్టుకు 112. ‘అచ్చెలెరాండో’ (వేగం పెంచుతూ) అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఐదో చుట్టుకే 120 దాటిపోతారు. ప్రతి చుట్టు మొదట్లో అంకె వేయండి.

చివరి బార్‌లో మందగించడం లేదు. జి, ఎఫ్, జి. ఆ చివరి జి 7 మీద పొట్టిగా, కర్ర, చప్పట్లు, పాదంతో కలిసి ఆగుతుంది. 8 మీద ఎవరూ ఉండరు. తర్వాతి బార్ 1 రాసి అక్కడ ముగించాలని చెయ్యి లాగుతుంది, రాయొద్దు.

రిహార్సల్‌లో చెడేవి

8 మీద అందుకోవడం ఆలస్యమవుతుంటే ఊపిరి చూడండి. 7 మీద గాలి పీలిస్తే 8కి అందదు, అందులోనూ కింది జి హార్న్ మీద నిదానంగా పలుకుతుంది. 5 మీద పీల్చి, 7 దాకా పట్టి ఉంచాలి. పార్ట్‌లో 5 మీద కామా పెట్టండి.

చప్పట్లు పరుగెడుతుంటే కొట్టేవాళ్లు 7 నుంచి తర్వాతి 3 దాకా ఉన్న ఖాళీని ఓర్చుకోలేకపోతున్నారని అర్థం. రెండు చప్పట్ల మధ్యా నాలుగక్షరాలే, కానీ 1 మీద కర్ర పడేసరికి చెయ్యి ఆగదు. ఆ ఖాళీలో చేతులు విడదీసి బయటికి తిప్పమనండి. కదలిక ఉంటే సమయం నిండుతుంది.

చప్పట్లు, పాడటం, వాయించడం మధ్య మారేవాళ్లకు వాయిద్యం దించడానికో ఎత్తడానికో రెండు బార్లయినా ఖాళీ రాయండి. లేకపోతే ఎవరి క్లారినెట్ రీడో విరుగుతుంది.

కండక్టర్ చెయ్యి కర్రతో పోటీ పడకూడదు. వేగం కర్రది, చెయ్యి కొత్త చుట్టు మొదలు చూపిస్తే చాలు. వేదిక మీద పిల్లల్ని గుండ్రంగా తిప్పే ఆలోచన వస్తే మానుకోండి. ఆ తిరగడం ఆరాధనలో భాగం, అది వాళ్లది. కార్యక్రమం కాగితంలో వాచ్ నైట్, గల్లా గీచీ, 1862 డిసెంబర్ 31 ఈ మూడూ ఉండాలి.

6వ పాఠానికి ముందు

ఒకటి: పైన ఇచ్చిన ఎత్తుగడ వదిలేసి, అవే ఐదు స్వరాలతో మీదే ఇంకో నాలుగు బార్ల చుట్టు కట్టండి. అందుకునే పాట మార్చొద్దు. 8 మీద ఎత్తుగడ ఇంకా మోగుతూ ఉండాలి.

రెండు: గడిని 92, 100, 112 దగ్గర ఫోన్‌లో రికార్డు చేసి, కర్ర 4వ అక్షరం మెట్రొనోమ్‌కు ముందుందో వెనకుందో వినండి. మెట్రొనోమ్‌ను ఎయిత్‌లకు, అంటే 184, 200, 224కు పెట్టుకుంటేనే ఇది తెలుస్తుంది.

మూడు: క్లారినెట్, హార్న్, ట్యూబా పార్ట్‌లు చేత్తో రాయండి. సాఫ్ట్‌వేర్‌లో కాదు. వచ్చే పాఠంలో వాటినే దిద్దుకుంటాం, ఫ్లూట్లకూ పని ఇస్తాం.